తప్పెటగుళ్ల పాటకు మల్టీబ్యాండ్ ఎంత బిగించాలి?

నాగావళి గట్టు:
మా సామాజిక రేడియోలో ధ్వనిని కింది నుంచి పై దాకా అయిదు బ్యాండ్లుగా (పౌనఃపున్య భాగాలుగా) విడదీసి, ఒక్కోదాని మట్టాన్ని సరిచేసే మల్టీబ్యాండ్ ప్రాసెసర్ ఉంది. దాని ప్రీసెట్ (ముందే పెట్టిన అమరిక) మారినప్పటి నుంచి తప్పెటగుళ్ల పాటలో ముఖ్యగాయకుడి గొంతు, కాలి గజ్జెలు, చివరికి గదిలోని ఫ్యాను హోరు కూడా ఒకే మట్టంలో వినబడుతున్నాయి. తప్పెట దెబ్బకు ఉండవలసిన బరువు పోయింది. డ్రైవ్ (ప్రాసెసర్‌లోకి తోసే మట్టం) తగ్గించి, రిలీజు (అణిచిన ధ్వనిని తిరిగి లేవనీయడం) నెమ్మదిగా పెట్టాలని నా అభిప్రాయం.

చీపురుపల్లి మాస్ట్:
ఆ ప్రీసెట్ పెట్టినది నేనే. మన ప్రసార శక్తి 100 వాట్లకు మించదు, ఎఫ్.ఎం. డీవియేషన్ (ధ్వనిని బట్టి తరంగ పౌనఃపున్యం ఊగే మేర) 75 కిలోహెర్ట్జ్ దాటకూడదు. ఆ హద్దులోనే సగటు మట్టాన్ని పెంచితే తప్ప అంచు గ్రామాలలో, ఆటో ఇంజను చప్పుడులో మాట తెలియదు. ఒకే బ్యాండు కంప్రెసర్ (గట్టి ధ్వనిని అణిచేది) అయితే తప్పెట మీద దెబ్బ పడిన ప్రతిసారీ గొంతు కూడా దిగిపోతుంది. ఆ బెడద తప్పించడానికే బ్యాండ్లను విడదీస్తారు. మీరు దానినే తప్పు పడుతున్నారు.

నాగావళి గట్టు:
విడదీయడాన్ని నేను తప్పు పట్టలేదు. కింది బ్యాండు అటాక్ (అణచడం మొదలుపెట్టడం) వేగంగా ఉంటే దెబ్బ మొదలే తెగిపోతుంది. పై బ్యాండు రిలీజు వేగంగా ఉంటే దెబ్బకూ దెబ్బకూ నడుమ సందులో గజ్జెలు పైకి లేస్తాయి. గట్టిగా వినిపించినంత మాత్రాన ప్రసారం దూరం పోదు.

పాలకొండ శ్రోత:
ప్రీ-ఎంఫసిస్ (ప్రసారానికి ముందు పై పౌనఃపున్యాలను పెంచడం) 75 మైక్రోసెకన్లలో ఉందేమో చూడండి. అది అమెరికా లెక్క, మనకు 50.

చీపురుపల్లి మాస్ట్:
50లోనే ఉంది. అయినా 15 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు 14 డెసిబెల్స్ పెంపు పడుతుంది కాబట్టి, గజ్జెల మీద లిమిటర్ (మట్టాన్ని హద్దు దాటనివ్వనిది) ఎలాగూ పని చేయవలసిందే. దూరం పెరుగుతుందని నేను అననే లేదు. అంచున ఉన్నవారికి హోరు మీద మాట నిలుస్తుందన్నాను. "మీ స్టేషను గొణుగుతోంది" అని ఫిర్యాదు వచ్చినప్పుడు సంజాయిషీ అడిగింది నన్నే గాని, రిలీజు గురించి పాఠాలు చెప్పేవారిని కాదు.

కోట జంక్షన్:
ఇద్దరూ గేటు (ధ్వని మరీ తగ్గినప్పుడు గెయిన్‌ను, అంటే పెంపును, కదలకుండా ఆపేది) సంగతి వదిలేశారు.

నాగావళి గట్టు:
పాఠాలన్న మాట బాగానే ఉంది. 1919లో సంగీత కళాశాల వెలసిన విజయనగరంలో, వయొలిన్ కమాను ఒత్తిడిలో తేడా శ్రోతకు తెలియదని ఎలా అనుకున్నారు? సరే, ఉన్నమాటే రాస్తాను. ఆ ముఖ్యగాయకుడు తన పాట రేడియోలో విని "ఇది నా గొంతు కాదు బాబూ" అన్నాడు, సమాధానం చెప్పుకోవలసింది నేను. ప్రీసెట్ మార్చే ముందు స్టూడియోలో ఒక్కరికైనా చెప్పారా?

చీపురుపల్లి మాస్ట్:
చెప్పలేదు, చెబితే ఇదే చర్చ అక్కడ జరిగేది. స్టూడియో నుంచి ఒక ఫైలు సగటున మైనస్ 14 డెసిబెల్స్‌లో, మరొకటి మైనస్ 30లో వస్తుంటే వాటిని సరిచేసే పని ప్రాసెసర్ నెత్తిన పడుతోంది. గేటు త్రెషోల్డు (అది పని మొదలుపెట్టే మట్టం) పెంచితే ఫ్యాను హోరు లేవదు, నిజమే. కాని గాయకుడు గొంతు తగ్గించి పాడే చరణం కూడా గేటు కిందికే పోయి, గెయిన్ కదలక, వినబడకుండా పోతుంది. ఫ్యాను ఆపి రికార్డు చేయండి, ఇవాళే డ్రైవ్ తగ్గిస్తాను.

నాగావళి గట్టు:
మే నెలలో ఫ్యాను ఆపి, ఒక దళాన్ని ఆ గదిలో ఆడించి చూపించండి.

కోట జంక్షన్:
ముడి రికార్డింగు, ప్రసారమైనది రెండూ ఇక్కడ పెట్టండి. మట్టాలు సమానం చేసి మరీ పెట్టాలి, లేకపోతే గట్టిగా ఉన్నదే చెవికి బాగున్నట్టు తోస్తుంది.

చీపురుపల్లి మాస్ట్:
ప్రసారమైనదాన్ని ఎక్కడ పట్టుకుంటారు? స్టూడియో పక్కగదిలోనా, అంచు గ్రామానికి పోయే ఆటోలోనా? అది తేలితే తక్కిన నాబులు తిప్పడం ఎంతసేపు?

నాగావళి గట్టు:
పాట పాడినవాడి ఇంట్లో.