కార్డు యుద్ధనౌక: తొడుగు ఆరాక ఫ్రేములు పైకి తేలుతున్నాయి

1:200 స్కేలులో జర్మన్ యుద్ధనౌక బిస్మార్క్ మోడల్‌ను అట్ట, కాగితంతో కడుతున్నాను. అసలు ఓడ 251 మీటర్లు, మోడల్ సుమారు 125 సెం.మీ. అడ్డ ఫ్రేములు 1 మి.మీ. అట్టవి, 5 సెం.మీ.కి ఒకటి. ఫ్రేములపై వేసే బయటి తొడుగు 160 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) కాగితం, తెల్ల జిగురు.

అతికించినప్పుడు నున్నగానే ఉంటుంది. మర్నాటికి ఫ్రేముల మధ్య కాగితం లోపలికి లాక్కుపోయి, బక్కచిక్కిన పశువుకు పక్కటెముకలు తేలినట్టు కనిపిస్తోంది. ముక్కు దగ్గర బాగుంది. అడుగు గుండ్రంగా తిరిగే మధ్యభాగంలోనే ఈ బాధంతా.

జిగురు తగ్గించాను. కాగితం నార ఓడ పొడవునా వచ్చేలా తిప్పాను. 200 జీఎస్ఎం వాడితే వంపు దగ్గర విరిగి గీత పడింది. జిగురులోని నీటికి కాగితం సాగి, ఆరాక బిగుసుకుంటోందని నా అనుమానం. తొడుగు ఊడదీశాను, ఫ్రేములు చెక్కుచెదరలేదు.

ఫ్రేముల మధ్య ఫోమ్ నింపి ఇసుక కాగితంతో రుద్దాలా, లేక పలుచని అట్ట పట్టీలతో లోతొడుగు వేసి, దానిపై నీళ్లు లేని జిగురుతో అతికించాలా? ఈ వంపు దగ్గర ఏది నిలుస్తుంది?