కబుకీ టికెట్టు 18 వేల యెన్లా? ఇక చూసేదెవరు?

నిషికసాయి వాసి:
అమ్మానాన్న టోక్యో వచ్చారు. కబుకీ అనే జపాన్ సంప్రదాయ నాటకాలు ఆడే గింజాలోని కబుకీజా థియేటర్‌కి తీసుకెళ్దామని చూస్తే కింద మంచి సీటు 18 వేల యెన్లు. ముగ్గురికి 54 వేలు! ఆఫీసులో ఆరుగురు జపాన్ వాళ్లను అడిగితే ఒక్కరే చూశారు, అదీ స్కూలు వాళ్లు తీసుకెళ్తే. 2008లో యునెస్కో జాబితాకెక్కిన కళ కదా. సొంత జనానికే అందని రేటు పెట్టి, కుర్రాళ్లు రావడం లేదని బాధపడితే ఎలా?

లెక్కల మాస్టారు:
అన్నా, కబుకీజా సర్కారుది కాదు, షోచికు అనే ప్రైవేటు కంపెనీ నడుపుతుంది. నెలనెలా కొత్త కార్యక్రమం, దాదాపు 25 రోజులు, పగలొక ఆట, సాయంత్రం ఒక ఆట. నటులే కాదు, షామిసెన్ అనే తీగల వాద్యం వాయించేవాళ్లు, విగ్గులు కట్టేవాళ్లు, బట్టలు తొడిగేవాళ్లు అందరూ బతకాలి. ఉన్నవి 1800 పైచిలుకు సీట్లు. 2022 నవంబరులో ఒక పెద్ద నటుడు తన వంశంలో తరతరాలుగా వచ్చే దాన్‌జూరో అనే పేరును 13వ వాడిగా స్వీకరించిన వేడుకకు మొదటి తరగతి 20 వేలు దాటింది. కొనేవాళ్లుంటే తగ్గించమని ఎలా అడుగుతాం?

ఒసాకా కోడలు:
రేటు తగ్గితే జనం వస్తారని నేను నమ్మను. మా ఊళ్లో బున్‌రాకు అనే బొమ్మలాటకు జాతీయ థియేటర్ ఉంది, 1984 నాటిది, 753 సీట్లు. ఒక్క బొమ్మను ముగ్గురు ఆడిస్తారు. కాళ్లు ఆడించడం నేర్చుకోవడానికి పదేళ్లు, ఎడమ చేతికి ఇంకో పదేళ్లు అంటారు. టికెట్టు చూస్తే మీరు చెప్పిన దాంట్లో సగం కూడా ఉండదు. అయినా నేను వెళ్లిన బుధవారం నా వరుసలో నలుగురమే. 2012లో హషిమోతో అనే అప్పటి మేయర్, ఈ బొమ్మలాటకు నగరం ఇచ్చే గ్రాంటు మీద పడ్డాడు. తర్వాత ఎంతమంది చూస్తే అంత డబ్బు అనే పద్ధతి వచ్చింది. ఇరవై ఏళ్ల శిక్షణను తలలు లెక్కపెట్టి తూచడమా!

నన్నడిగితే అసలు చిక్కు టైముతోనే. కబుకీ పగటి ఆట పదకొండింటికి, సాయంత్రం ఆట చాలాసార్లు నాలుగున్నరకే. ఆఫీసు నుంచి ఎవడొస్తాడండీ?

నేల టికెట్టు:
అక్కా, టైము మాట నిజమే. కానీ అందరూ 18 వేల సీటు దగ్గరే ఆగిపోయారు. మూడో అంతస్తులో అందులో మూడోవంతు కంటే తక్కువకే సీట్లుంటాయి. నాలుగో అంతస్తు నుంచి ఒక్క అంకం మాత్రమే చూసే టికెట్టు రెండు వేలకు అటూఇటూ. కరోనాలో ఆపేసి 2023లో మళ్లీ మొదలుపెట్టారు. నేను అలా చూసే కబుకీలో పడ్డాను.

మనకు చవక సీటు నేల మీద, వాళ్లకు పైకప్పు కింద. ఆ వెనకాల చవక సీట్లను ఓముకో అంటారు, అక్కడ కూర్చునే రసికులకూ అదే పేరు. నటుడు భంగిమ పట్టి కళ్లు తిప్పే క్షణానికి పైనుంచి "నారితాయా!" అని ఆ నటుడి నట వంశం పేరుతో కేక వేస్తారు. అర సెకను తప్పినా పరువు పోతుంది. మన పద్యనాటకానికి వన్స్ మోర్ ఎలాగో అలాగే అనుకోండి, కాకపోతే పద్యం మళ్లీ పాడరు. ఆ చెవి పది అంకాలు చూస్తేనే వస్తుంది. నెలకు నాలుగుసార్లు 18 వేలు పెట్టి ఎవరు నేర్చుకుంటారు? కింద రేటు ఎంతైనా పెట్టుకోనీండి, పై సీట్ల జోలికి రావద్దనేదే నా గొడవ.

లెక్కల మాస్టారు:
ఒప్పుకుంటాను. అయినా చవగ్గా చూపించే పని సర్కారు థియేటర్‌ది. టోక్యోలో 1966లో కట్టిన జాతీయ థియేటర్‌ను కొత్తగా కడతామని 2023 అక్టోబరు చివర్లో మూసేశారు. టెండర్లు కుదరక పని ముందుకు సాగలేదు, బృందాలేమో అద్దె హాళ్ల వెంట తిరుగుతున్నాయి. తిట్టాలంటే ముందు అది తిట్టండి.

నిషికసాయి వాసి:
సరే, ఒక్క అంకంతో మొదలుపెడతాం. నాన్న మోకాళ్లతో నాలుగో అంతస్తు అంటేనే టెన్షన్.

నేల టికెట్టు:
లిఫ్టు ఉందన్నా. నాన్నగారికి దుర్భిణి పట్టుకెళ్లండి, అక్కడి నుంచి మొహాలు చింతపిక్కలంతే కనిపిస్తాయి. కేక మాత్రం మీరు వేయకండి.