సౌండ్ సరిగా రాకపోతే బోర్డు కంపెనీ డ్రైవరు తీసేసి, విండోస్ సాదా డ్రైవరు వాడటం సబబేనా?

సంగీతం టీచరు, మారతహళ్ళి

నేను ఐదేళ్ళుగా బెంగళూరు నుంచి ఆన్‌లైన్‌లో కర్ణాటక సంగీతం నేర్పుతున్నాను. నా దగ్గర నేర్చుకునే పిల్లల్లో ఎక్కువమంది విజయవాడ, గుంటూరు వైపు వారు. గత నెల నా డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డు కంపెనీ ఇచ్చిన కొత్త ఆడియో డ్రైవరు (సౌండ్ చిప్పును విండోస్ చేత నడిపించే సాఫ్ట్‌వేర్) వేసుకున్నప్పటి నుంచి, పక్కన పెట్టుకున్న ఎలక్ట్రానిక్ తంబురా నాదం అవతలివారికి నిలకడగా వినిపించడం మానేసింది. నేను పాడుతున్నప్పుడు ముక్కలు ముక్కలుగా వచ్చి, ఆపిన రెండు క్షణాల్లో పూర్తిగా అణగిపోతోందని తల్లిదండ్రులు చెప్పారు. శ్రుతి చెవిన పడకపోతే పిల్లలకు షడ్జమం ఎక్కడ నిలపాలో తెలియదు. ఒక పాప నెల రోజులుగా సరళీ వరసలన్నీ అర స్వరం తగ్గించి సాధన చేసిందని తెలిసి నాకు చాలా బాధ కలిగింది.

ఎస్పీ రోడ్డులోని ఒక దుకాణంలో చూపిస్తే, బోర్డు మీద సౌండ్ భాగం పాడైందని, విడిగా సౌండ్ కార్డు కొనాలని అన్నారు. నాకు నమ్మకం కుదరక ఇంటికి తెచ్చి, విండోస్‌లో డ్రైవర్లను చూసి మార్చుకునే డివైస్ మేనేజర్‌లో ఆ డ్రైవరుకు బదులు విండోస్‌తో పాటే వచ్చే ‘హై డెఫినిషన్ ఆడియో డివైస్’ను ఎంచుకున్నాను. తంబురా చాలావరకు తిరిగి వినిపించింది. అందుకే ఇటువంటి సమస్య వచ్చిన ప్రతివారూ ముందుగా సాదా డ్రైవరుకు మారిపోవడమే మేలని నా అభిప్రాయం. కాదనేవారు కారణాలు చెప్పవలసిందిగా కోరుతున్నాను.

పీసీలు బిగించేవాడిని, రాజాజీనగర్

టీచరు గారూ, మీ పాఠాలు గాడిన పడినందుకు సంతోషం. కానీ మీకు పనికొచ్చింది కదా అని అందరికీ అదే చెప్పడం సరికాదని నా ఉద్దేశం. ఏఎల్‌సీ 887, 897 వంటి రియల్‌టెక్ చిప్పులు ఇంటెల్ 2004లో తెచ్చిన హెచ్‌డీ ఆడియో పద్ధతిని పాటిస్తాయి కాబట్టే, ఏ కంపెనీ బోర్డయినా విండోస్ సాదా డ్రైవరుతో కనీసం పలుకుతుంది. అయితే వెనుక మూడే జాక్‌లున్న బోర్డుకు 5.1 స్పీకర్లు (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) తగిలించినప్పుడు, నీలం, గులాబీ జాక్‌లను కూడా స్పీకర్లకు మళ్ళించే సదుపాయం కంపెనీ డ్రైవరుతోనే వస్తుంది. పాత కేబినెట్ల సంగతి మరీ కష్టం. వాటి ముందు జాక్‌లకు హెచ్‌డీ ఆడియోకు ముందు వాడిన ఏసీ 97 అనే పద్ధతి కాలపు తీగలుంటాయి. హెడ్‌ఫోన్ పెట్టారో లేదో బోర్డుకు తెలియజేసే తీగ వాటిలో ఉండదు. ఆ గుర్తింపును ఆపివేసే అమరిక కంపెనీ డ్రైవరుతో వచ్చే ప్యానెల్‌లో ఉండేది కనుక పని జరిగేది. సాదా డ్రైవరు వేసిన రోజే ముందు జాక్ మూగబోయిందని నా దగ్గరికి తిరిగి వచ్చినవారు ఉన్నారు.

మీ తంబురాను మింగింది డ్రైవరు మొత్తం కాదు, అందులోని నాయిస్ సప్రెషన్ అయి ఉండాలి. ఎడతెగకుండా ఒకే తీరున మోగే చప్పుడును ఫ్యాను హోరుగా లెక్కగట్టి తగ్గించడమే దాని పని. తంబురాకూ ఫ్యానుకూ దానికి తేడా తెలియదు. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్ వరుసలో వెళ్ళి మీ మైకును తెరిస్తే ‘ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్’ కనిపిస్తుంది. దాన్ని ఆఫ్ చేసి, షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ చేసి చూడండి. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్ చేసినా డ్రైవర్లు పూర్తిగా మొదటి నుంచి లోడ్ కావు.

లైనక్స్ వాడుకరి, కె.ఆర్.పురం

ఏ డ్రైవరు అన్న వాదానికి ముందు, నాదం ఎక్కడ తెగుతోందో తేల్చుకోవాలి కదా. విండోస్‌లో ఉండే సౌండ్ రికార్డరులో ఒక నిమిషం తంబురా రికార్డు చేసి వినండి. అందులో నిండుగా ఉండి, కాల్‌లో మాత్రమే తెగితే, కాల్ యాప్ సొంతంగా చేసే వడపోతే కారణం. జూమ్‌లో అయితే సంగీతం కోసమే ‘ఒరిజినల్ సౌండ్’ అనే ఏర్పాటు ఉంది. ఇక బోర్డు పాడైందన్న మాట నిజమో కాదో పైసా ఖర్చు లేకుండా తెలుసుకోవచ్చు: విండోస్‌కు బదులు వాడే ఉబుంటు అనే లైనక్స్ సిస్టమ్‌ను ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, అక్కడ రికార్డు చేయండి. అందులో నాదం నిలకడగా వస్తే చిప్పు బాగున్నట్టే.

సంగీతం టీచరు, మారతహళ్ళి

మీరిద్దరూ చెప్పినవి నిన్న సాయంత్రం వరుసగా చేశాను. కంపెనీ డ్రైవరు మళ్ళీ వేసి ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపితే, రికార్డరులో పంచమం, మంద్ర షడ్జమం దాకా స్పష్టంగా పలికాయి. కాల్‌లో మాత్రం ఇంకా సన్నగానే ఉన్నాయి. నేను వాడే యాప్‌లోనూ వడపోత మీట ఒకటుంది. అదీ ఆపాక గుంటూరు నుంచి ఒక పాప తల్లి, గది నిండా శ్రుతి వినిపిస్తోందని చెప్పారు. కాబట్టి నేను సగం సమస్యకే మందు వేసి, మొత్తం తప్పు డ్రైవరుదే అనుకున్నాను. పెన్‌డ్రైవ్ పరీక్షలోనూ చిప్పు బాగుందనే తేలింది.

అయినా ఒక్క విషయంలో నా మాట మార్చుకోను. కంపెనీ కొత్త డ్రైవరు దిగినప్పుడల్లా నేను ఆపిన ఎన్‌హాన్స్‌మెంట్స్ మళ్ళీ ఆన్ కావచ్చు. వెనుక ఒక మైకు, ఒక హెడ్‌ఫోన్ తప్ప మరేమీ తగిలించని నావంటివారికి సాదా డ్రైవరు వల్ల పోయేదేమీ లేదు.

పీసీలు బిగించేవాడిని, రాజాజీనగర్

మీ వాడుకకు అది సరే, ఒప్పుకుంటాను. కాకపోతే విండోస్ అప్‌డేట్ కంపెనీ డ్రైవరును తనంతట తానే మళ్ళీ తేవచ్చు. పాఠానికి ముందు డివైస్ మేనేజర్‌లో డ్రైవరు పేరు ఒకసారి చూసుకోండి. ఇది చదివే మిగతావారికి ఒక మాట: ఏఎల్‌సీ 4080 వంటి చిప్పులున్న కొత్త బోర్డుల్లో ఆడియో లోపల యూఎస్‌బీ ద్వారా కలుస్తుంది. వాటికి టీచరు గారు ఎంచుకున్న హెచ్‌డీ ఆడియో డ్రైవరు వర్తించదు, విండోస్ యూఎస్‌బీ ఆడియో డ్రైవరే వాడాలి. ముందు మీ బోర్డు మీద ఏ చిప్పు ఉందో చూసుకుని, ఆ తరువాతే డ్రైవరు జోలికి వెళ్ళండి.