మినీ ట్రాక్టర్‌కు 40 అడుగుల బూమ్ స్ప్రేయర్ పెట్టొచ్చా?

అన్నలూ, మాది రాజురా దగ్గర, చంద్రపూర్ జిల్లా. 18 ఎకరాల నల్లరేగడిలో పత్తి, సోయా, మధ్యలో కంది. ఇప్పుడున్నది 20 అడుగుల బూమ్ (ట్రాక్టర్ వెనక నాజిళ్లు బిగించిన అడ్డ రాడ్డు), వాన తెరిపిచ్చిన రెండు రోజుల్లో మందు కొట్టడం పూర్తి కావట్లేదు, కూలీలేమో దొరకరు. అందుకే 30 కొనాలా 40 కొనాలా అని చూస్తున్నా.

ట్రాక్టర్ 28 హెచ్‌పీ, వెనక లిఫ్ట్ ఎత్తేది 750 కిలోలే. 600 లీటర్ల ట్యాంకు నింపితే నీళ్లే 600 కిలోలు, ఫ్రేము, బూమ్ బరువు అదనం, ముందు టైర్లు లేస్తాయేమోనని టెన్షన్. 400 లీటర్లదైతే ఎకరాకు 200 చొప్పున రెండెకరాలకే ఖాళీ, మా బావి చేనుకు ఆ చివర.

డీలర్ 40 అడుగులకు నిమిషానికి 36 లీటర్ల పంపు చాలంటున్నాడు. గంటకు 4 కి.మీ. వేగంతో, అడుగున్నరకు కాస్త ఎక్కువ దూరంలో 24 నాజిళ్లు వేసుకుంటే నిమిషానికి 40 లీటర్లు కావాలని నా లెక్క, ట్యాంకులో మందు కలియబెట్టడానికి వెనక్కి తిరిగే నీళ్లు వేరే. అమ్మేవాళ్లకు అన్నీ చాలుతాయి లెండి!

ఒడ్లు, గుంతలున్న చేలో 40 అడుగుల బూమ్ చివర్లు ఊగి పత్తికి తగులుతున్నాయా? వాడుతున్నవాళ్లు చెప్పండి, సెకండ్ హ్యాండ్‌లో ఏం చూసుకోవాలో కూడా.