హైవే దాటుతుంటే గుద్ది వెళ్లిపోయారు, బండి నంబరు తెలియదు. ఏం చేయాలి?

సూర్యాపేట_వైపు:
విజయవాడ హైవే మా ఊరిని రెండుగా చీల్చుకుంటూ పోతుంది. ఊరు ఒక పక్క, బస్టాపు ఇంకో పక్క. పోయిన నెల చీకటి పడ్డాక మా చిన్నాయన రోడ్డు దాటుతుంటే ఏదో బండి గుద్ది ఆగకుండా పోయింది. తొడ ఎముక విరిగింది. బండే దొరకనప్పుడు కేసు ఎందుకని ఇంట్లో అంటున్నారు. ఎవరికైనా ఇలా జరిగిందా?

సువర్ణ_టి:
కేసు తప్పకుండా పెట్టండి అన్నా. గుద్ది పారిపోయిన కేసుల్లో బండి దొరక్కపోయినా పరిహారం వస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి మనిషి చనిపోతే 2 లక్షలు, తీవ్రంగా గాయపడితే 50 వేలు. అంతకుముందు 25 వేలు, పన్నెండున్నర వేలే ఉండేది. ఎముక విరిగితే తీవ్ర గాయం కిందికే వస్తుంది. మా పెద్దమ్మకు ఆర్డీవో ఆఫీసులో దరఖాస్తు పెట్టాం. ఎఫ్ఐఆర్, ఆస్పత్రి కాగితాలు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ జత చేశాం. ఒక్కటి మాత్రం చూసుకోండి: ఆస్పత్రి కేసు షీటులో బండి గుద్దిందని కాకుండా "కింద పడ్డారు" అని ఉందేమో. పెద్దమ్మకు అలాగే రాశారు. దాన్ని మార్పించేసరికి ప్రాణం పోయినంత పనైంది.

లారీ_అన్న:
డ్రైవర్‌గా చెప్తున్నా. డివైడర్ మీద గన్నేరు మొక్కలు మనిషెత్తు పెరుగుతాయి. వాటి సందులోంచి మనిషి దిగేదాకా మాకు కనిపించడు. ఎదుటి బండి హైబీమ్ కొడితే ఇక అసలే కనపడదు. 80 స్పీడులో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది, కాలు బ్రేక్ మీద పడేలోపే మనిషిని చేరిపోతాం. ఊళ్ల దగ్గర ఆ మొక్కలు కొట్టేయాలి, లైట్లు పెట్టాలి. స్పీడు తగ్గించడం మా బాధ్యత, అది కాదనను.

కోదాడ_మాస్టారు:
2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. అందులో 32,825 మంది నడిచి వెళ్లేవాళ్లే. అయినా ప్రతిసారీ "చూసుకోకుండా దాటాడు" అంటారు. అండర్‌పాస్ ఉన్నచోట వానాకాలమంతా నీళ్లు నిలుస్తాయి, ముసలివాళ్లు డివైడర్ ఎక్కక ఏం చేస్తారు? లైట్లు వెలగకపోతే హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేయండి, ఊరంతా చేయాలి.

సువర్ణ_టి:
ఇంకో మాట. ఆస్పత్రికి తీసుకెళ్లినవాళ్లు పేరు చెప్పాలని పోలీసులు బలవంతం చేయకూడదు. 2019లో చట్టం మార్చారు. ఆ భయంతోనే చాలామంది దగ్గరికి రారు.

సూర్యాపేట_వైపు:
చిన్నాయనను ఆటోలో తీసుకెళ్లినాయన ఎవరో మాకు తెలుసక్కా. సాక్షిగా వస్తాడేమో అడుగుతా. రేపు స్టేషన్‌కు పోతున్నాం. కేసు షీటు కాపీ ఆస్పత్రిలో అడిగితే ఇస్తారా, లేక రాసి ఇవ్వాలా?

సువర్ణ_టి:
రాసి ఇవ్వండి, మీ దగ్గర ఒక కాపీ మీద ముద్ర వేయించుకోండి.