అమెరికా యూనివర్సిటీల్లో మనలాంటోళ్లకని పెట్టిన గదులు: మావాడికి చెప్పాలా, వద్దా?

ఆర్టీసీ నాయన (బైరాగిపట్టెడ, తిరుపతి):

అందరికీ నమస్కారం. నేను ఆర్టీసీలో పని చేస్తా ఉండా. మా పాప టెక్సాస్‌లో ఒక ప్రభుత్వ యూనివర్సిటీలో ఎమ్మెస్ చేసి ఆడనే ఉద్యోగంలో చేరింది. మావాడు వచ్చే ఆగస్టులో అదే రాష్ట్రానికి పోతా ఉండాడు. అడిగేది వాడి కోసం.

పాప చదివేటప్పుడు క్యాంపస్‌లో ఒక గది ఉండేది. నల్లజాతి పిల్లోళ్లు, మెక్సికో కుటుంబాల పిల్లోళ్లు, ఆసియావోళ్లు వచ్చి కూచునేదానికి యూనివర్సిటీనే పెట్టింది. రెండు సోఫాలు, ఒక మైక్రోవేవ్, పుస్తకాల బీరువా. క్లాసుకూ క్లాసుకూ నడాన ఆడికి పోయి బాక్సు తెరిచేది. ఊరిమిండి వాసనకు ఈడ ఎవరూ మొగం తిప్పుకోరు నాయనా అని ఫోన్లో చెప్పేది. 2024 జనవరిలో కొత్త చట్టం వచ్చిందని ఆ గది మూసేసినారు.

ఇంకో మాట కూడా చెప్పాల. మేము ఎస్సీలం. పాప మొదట్లో ఆ ఊరి తెలుగోళ్ల పండగలకు పోయింది. ఇంటిపేరేంది అన్నారు, చిత్తూరు జిల్లాలో ఏ ఊరన్నారు, ఊర్లో ఏ పక్క అన్నారు. ఆమైన పోలేదు. ఆ గదిలో మాత్రం ఇంటిపేరు ఎవురికీ పట్టలేదు.

డిపోలో నా స్నేహితుడు "వేరే గది అంటే వేరుపడడమే గదా, మీవాడిని అందర్లో కలిసిపొమ్మను" అంటాడు. మంచి మనిషే, మా మేలు కోరే చెప్తాడు. నాకైతే ఆ మాట మింగుడుపడడం లేదు. అట్లాంటి చోట్లలో మెలిగినవాళ్లు చెప్పండి: వాటివల్ల నిజంగా ఏం ఒరిగింది? ఇప్పుడు గది లేదు కాబట్టి మావాడు ఏం వెతుక్కోవాల?

చంద్రగిరి అమ్మాయి (డల్లాస్):

అంకుల్, ముందు చట్టం సంగతి. దాని పేరు ఎస్‌బీ 17. 2023లో పాసయింది, 2024 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. టెక్సాస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో ఇలాంటి ఆఫీసులు నడపకూడదన్నారు. ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో మల్టీకల్చరల్ ఎంగేజ్‌మెంట్ సెంటర్ అట్లానే మూతపడింది. అదే ఏడాది యూటా రాష్ట్రంలో ఇంకో చట్టం వచ్చాక అక్కడి యూనివర్సిటీలో బ్లాక్ కల్చరల్ సెంటర్ కూడా పోయింది. అయితే ఎస్‌బీ 17లో విద్యార్థులు సొంతంగా నడుపుకునే సంఘాలకు మినహాయింపు ఉంది. ప్రైవేటు యూనివర్సిటీలకు ఈ చట్టం వర్తించదు. మీవాడు చేరగానే విద్యార్థి సంఘాల జాబితా చూడమనండి.

పోయింది సోఫాలు కాదు అంకుల్. అక్కడ జీతానికి కూర్చునే ఒక మనిషి లేకుండా పోయింది. మా క్యాంపస్‌లో ఉన్న మేడం నల్లజాతి ఆమె. అద్దె కట్టలేకపోతే అత్యవసర సాయం ఏ ఆఫీసులో అడగాలి, ప్రొఫెసర్ అవమానంగా మాట్లాడితే ఎవరికి రాయాలి, రాసేముందు ఏమేం దాచుకోవాలి అన్నీ ఆమె నోటికి చెప్పేది. వెబ్‌సైట్లో ఇవన్నీ ఉంటాయి, కానీ ఏడుస్తూ వెబ్‌సైట్ చదవలేం కదా.

ఈ గదులు ఎవరో దయతలచి ఇచ్చినవి కావు. 1968 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో నల్లజాతి విద్యార్థులు, లాటినో, ఆసియా, ఆదివాసీ విద్యార్థులు కలిసి సమ్మెకు దిగారు. 1969 మార్చి దాకా నడిచింది. పోలీసులు కొట్టారు, వందల మందిని అరెస్టు చేశారు. వాళ్ల చరిత్రలు చదివే విభాగం దాంతోనే వచ్చింది. మనలాంటివాళ్లు పెద్దసంఖ్యలో అమెరికాకు రావడానికి దారి తెరిచింది 1965 చట్టం. అది కూడా నల్లవాళ్ల హక్కుల పోరాటం నడుస్తున్న కాలంలోనే వచ్చింది. ఇది తెలియకుండానే మన పిల్లలు వచ్చి చదువుకుని వెళ్లిపోతున్నారని నాకు బాధ.

కొర్లగుంట కుర్రోడు (ఒహాయో):

నేను కొంచెం వేరేగా చెప్తాను అన్నా, తప్పుగా అనుకోవద్దు. నేను ఆ గదులకు పోలేదు. ల్యాబ్‌లో, క్రికెట్‌లో, వంటింట్లో అన్ని రకాలవాళ్లతో కలిశాను, ఇంగ్లీషు బాగుపడింది. మన తిరుపతిలోనే చూడండి, కులానికో సత్రం ఉంది. ఎవరి సత్రంలో వాళ్లు దిగి, ఎవరి పంక్తిలో వాళ్లు తిని, కొండెక్కి దిగి పోతారు. అమెరికాకు వచ్చి కూడా అదే చేస్తే ఎట్లా?

రిటైర్డ్ వార్డెన్ (గ్రీమ్స్‌పేట, చిత్తూరు):

నాయనా కొర్లగుంట, సత్రం మాట బాగా ఎత్తావు. దానికే జవాబు చెప్తాను.

సత్రాలు కట్టుకున్నవాళ్లలో చాలామందికి ఊళ్లో ఏ తలుపూ మూసి లేదు. గుడీ బడీ బావీ అన్నీ వాళ్లవే, వాటితోపాటు సత్రం ఇంకొకటి. మావాళ్ల సంగతి అట్లా కాదు. ఊరికి అవతల పెట్టిందీ వాళ్లే, ఇప్పుడు మేము నలుగురం ఒకచోట చేరితే "వేరుపడుతున్నారు" అనేదీ వాళ్లే. ఒకరు నెట్టేస్తే దూరంగా ఉండడం, మనమే తలుపు తీసుకుని కూర్చోవడం ఒకటి కాదు. ఫిలడెల్ఫియాలో తెల్లవాళ్ల చర్చిలో మోకాళ్ల మీద ప్రార్థన చేసుకుంటున్న నల్లవాళ్లను మధ్యలోనే లేపేశారు. వాళ్లు బయటికి నడిచారు. వాళ్లలో ఒకరైన రిచర్డ్ ఆలెన్ 1794లో బెతెల్ చర్చి తెరిచాడు. మనదగ్గర అంబేడ్కర్ గారు పెట్టిన సంఘం 1925లో సోలాపూర్‌లో హాస్టల్ తెరిచింది. ఎవరూ సరదాకి వేరే కప్పు వేసుకోలేదు.

నేను సోషల్ వెల్ఫేర్ బాలికల హాస్టళ్లలో వార్డెన్‌గా చేశాను. కుప్పం వైపు నుంచి, సత్యవేడు వైపు నుంచి పిల్లలు వచ్చేవాళ్లు. కాలేజీలో చివరి బెంచీ, నోరు తెరవరు. రాత్రి అన్నం తిన్నాక వరండాలో వాళ్లను చూడాలి! సీనియర్లు స్కాలర్‌షిప్ ఫారాలు ముందేసుకుని, ఎమ్మార్వో ఆఫీసులో క్యాస్ట్ సర్టిఫికెట్‌కు ఎవరి దగ్గరికి పోవాలో, ఏ గుమాస్తా రేపు రమ్మని తిప్పుతాడో చిన్నవాళ్లకు చెప్పేవాళ్లు. రోజుకొకరు లేచి పేపరు గట్టిగా చదవాలని వాళ్లే నియమం పెట్టుకున్నారు. తప్పు చదివితే నవ్వేవాళ్లు, కానీ ఆ నవ్వులో కులం లేదు. ఆ భయం పోయిన పిల్లే తర్వాత క్లాసులో చెయ్యెత్తింది. లెక్చరర్లు నన్నడిగేవాళ్లు, ఈ పిల్ల ఎట్లా మారిందని.

హాస్టల్లో అన్నీ బాగుండేవని నేను చెప్పను. బాత్‌రూముల కోసం అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయాను. పెద్ద పిల్లల పెత్తనం ఉండేది. మాలా మాదిగా తేడాలు అక్కడా తలెత్తేవి, కూర్చోబెట్టి మాట్లాడాల్సి వచ్చేది. మన పిల్లలు ఏ గదికి పోయినా ఇది వెంట వస్తుంది. సియాటిల్ నగరం 2023లో కుల వివక్షను నిషేధిస్తూ చట్టం చేసిందంటే, అమెరికాలో మనవాళ్లు మనవాళ్లనే ఏం అడుగుతున్నారో చూడండి. మీ పాప చెప్పిన మూడు ప్రశ్నలు అవే కదన్నా.

మీవాణ్ని ల్యాబ్‌కూ పొమ్మనండి, క్రికెట్‌కూ పొమ్మనండి. సాయంత్రం వచ్చి కూర్చునే చోటు ఒకటి ఉంటే పొద్దున అందర్లోకి పోవడం సులభం.

ఆర్టీసీ నాయన:

మేడం, మీరు రాసింది మావాడితో చదివించినా. అందరికీ రుణపడి ఉంటా.

పాపతో నిన్న రాత్రి మాట్లాడినా. ఆ గదికి వచ్చినోళ్లలో కొందరు విద్యార్థి సంఘంగా మిగిలినారంట. శనివారాలు లైబ్రరీలో గది బుక్ చేసుకుంటారు, ఒక్కోసారి పక్కన చర్చి వాళ్లు హాలు ఇస్తారు. జీతం మనిషి లేదు గాబట్టి పాప లాంటి పాతోళ్లే వంతులేసుకుని వచ్చి పిల్లోళ్ల ఫారాలు చూస్తా ఉండారు. మావాడి పేరు ముందే చెప్పి పెట్టింది. పోయినాక వాడూ వంతు తీసుకోవాలని నేను గట్టిగా చెప్పినా.

మేడం, మా వీధిలో కమ్యూనిటీ హాలు ఒకటి ఉండాది. పెండ్లిండ్లకు తప్ప తెరవరు. సాయంత్రాలు ఇంటర్, డిగ్రీ పిల్లోళ్లకు ఇప్పించాలని కార్పొరేషన్‌కు అర్జీ రాస్తా ఉండా. మీకు అర్జీలు అలవాటే గదా, ఏమేం రాయాల్నో, ఎవరి సంతకాలు పెట్టించాల్నో చెప్తారా? వచ్చే ఆదివారం నాకు డ్యూటీ లేదు, చిత్తూరుకే వస్తా.