కడుపు నిండాక దేవుడు గుర్తుంటాడా? మీ ఇళ్లలో ఎలా?

కావలి_కోడలు: అందరికీ వందనాలు. లాక్‌డౌన్‌లో మా ఆయన ఉద్యోగం పోయినప్పుడు ప్రతి రాత్రీ ఇంటిల్లిపాదీ మోకాళ్ల మీద ఉండేవాళ్లం. ఎవరో ఒకరు తలుపు కొట్టి బియ్యమో పప్పో ఇచ్చి వెళ్లేవారు. ఇప్పుడు మంచి జీతం, కారు. ప్రార్థనకు రమ్మంటే పిల్లలు ఫోన్ వదలరు, ఈయన మీటింగ్ అంటారు. కడుపు నిండాక దేవుణ్ణి మరవొద్దని బైబిల్లో ద్వితీయోపదేశకాండం 8 చెబుతుంది, అది వద్దన్నదే మా ఇంట్లో జరుగుతోంది. పిల్లలకు మీరెలా నేర్పారు?

గుండ్లకమ్మ_గట్టు: అక్కా, మా నాయనమ్మ ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి పాత పాలడబ్బాలో వేసేది. ఆదివారం గుడికి పట్టుకెళ్లేది. పంట పండినా ఎండినా అదే పిడికెడు. ఎండిన ఏడు 'ముందు పిల్లల కంచంలో వెయ్యవే' అని తాత గొణిగినా వినేది కాదు.

రాజోలు_కువైట్: మా గుడిలో స్కానర్ పెట్టారు బ్రదర్, పిడికెడు బియ్యం ఫోన్‌పేలో ఎలా వేస్తాం? ఇక్కడ మాకు ఆరాధన శుక్రవారం. జీతం ఆగినప్పుడు పక్క గది మలయాళీలు మాకూ కలిపి వండారు. అది దేవుడి మేలని గుడిలో సాక్ష్యం చెప్పబోతే 'క్లుప్తంగా' అన్నారు అయ్యగారు!

నిష్ఠూరం: అసలు మీ ముత్తాతలు క్రైస్తవంలో చేరిందే కరువులో పోసిన గంజి కోసం. ఇప్పుడు కడుపు నిండింది, మరిచారు. ఇందులో వింతేముంది?

గుండ్లకమ్మ_గట్టు: మాట జాగ్రత్త. గంజికి అమ్ముడుపోయారంటావా మావాళ్లు?

పాత_రిజిస్టర్లు: సంఘ చరిత్ర నాకంటే ఎక్కువ చదివినవాళ్లుంటే చెయ్యెత్తండి. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని చూపించాడు. ఊరికే పోసిన గంజి కాదు, చెమటోడ్చిన కూలి. పైగా తిండి కోసం వస్తారేమోనని కరువు సాగినన్నాళ్లూ బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్లీ మొదలుపెట్టాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. ఇది తెలియకుండా మాట్లాడకండి.

నిష్ఠూరం: కూలి ఇచ్చింది దొర, కాలువ సర్కారుది. మధ్యలో దేవుడెక్కడొచ్చాడు?

రాజోలు_కువైట్: బైబిల్లో ఏలీయా ప్రవక్తకు రొట్టె తెచ్చింది కాకులే కదా అన్నా. పంపిందెవరు?

మెతుకుసీమ: మెదక్ చర్చి సంగతి ఎత్తరేం? మిషనరీ పోస్నెట్ దొర కరువులో పని కల్పించి కట్టించాడు. 1924 క్రిస్మస్ నాడు తెరిచారు.

పాత_రిజిస్టర్లు: అది వేరే కరువు, వేరే మిషన్. కలపకండి.

మెతుకుసీమ: కలిపితే ఏం మునిగిపోయింది సార్? మీకు ఒంగోలు తప్ప ఇంకో ఊరు కనబడదు.

తెనాలి_టీచరమ్మ: నా బాధ వేరు. కృతజ్ఞత కూడిక అంటే ఇప్పుడు షామియానా, ఫ్లెక్సీ, బిర్యానీ. మా వీధిలో ఒకరు అప్పు చేసి మరీ పెట్టారు. లాక్‌డౌన్‌లో వాళ్లకు కూర పంపిన ముసలమ్మను మాత్రం పిలవలేదు.

కావలి_కోడలు: పిల్లల సంగతి ఎవరూ చెప్పలేదు. పోనీ పిడికెడు బియ్యం తీద్దామంటే మా గుడిలో తీసుకోరట.

గుండ్లకమ్మ_గట్టు: హాస్టల్ పిల్లలకివ్వండి అక్కా. తీసే పని మీ చిన్నోడికి అప్పజెప్పండి. పురుగు పట్టకుండా డబ్బాలో ఎండుమిరపకాయలు వెయ్యండి.

తెనాలి_టీచరమ్మ: మిరపకాయల ఘాటు అన్నానికి పడుతుంది. నీడన ఎండబెట్టిన వేపాకు మేలు.